తర్వాత ఏ రోబో?

ఆర్డుయినో బోర్డుతో గీత వెంట నడిచే రోబో చేసేసిన మీ పిల్లలు, ఇప్పుడు రోబో చెయ్యి కావాలంటున్నారా? ఆగండి. చిన్నదానికైనా మామూలుగా నాలుగు సర్వో మోటార్లు కొనాలి. పాత చక్రాలేమో మూలపడతాయి.

అడ్డొస్తే తప్పుకునే బండి అయితే పాత సామానంతా పనికొస్తుంది. కొత్తగా కొనాల్సింది అల్ట్రాసోనిక్ సెన్సర్ ఒక్కటే. అది గబ్బిలంలా మన చెవికందని శబ్దాన్ని పంపుతుంది. ప్రతిధ్వని తిరిగొచ్చిన సమయాన్ని సగం చేసి, సెకనుకు 340 మీటర్ల లెక్కన గుణిస్తే దూరం తెలిసిపోతుంది. మేడారం జాతరలో జనాన్ని తప్పించుకుంటూ గద్దెల దాకా నడిచిన పిల్లలకు దీని తీరు వేరే చెప్పక్కర్లేదు!

గోడను తప్పుకుందని మురిసిపోవద్దు. దుప్పటి వేలాడదీసి చూడండి. మెత్తటి బట్ట శబ్దాన్ని మింగేస్తే బండి గుద్దేస్తుంది. ఎందుకో పిల్లలనే కనిపెట్టనివ్వండి. అసలు చదువు అక్కడుంది.