కంప్యూటర్ నెమ్మదించినప్పుడు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లోని మన ఇళ్లలో కంప్యూటర్ నెమ్మదించగానే 'వైరస్ చేరింది, ఫార్మాట్ చేయించండి' అన్న సలహా వినవస్తుంది. తొందరపడరాదని మా మనవి. అందులో పిల్లల సర్టిఫికెట్లు, హజ్ దరఖాస్తు కోసం స్కాన్ చేసిన పాస్‌పోర్టులు, గతించిన పెద్దల ఫోటోలు ఉంటాయి. అవి మన వద్ద ఉన్న అమానతు.

పలకల కార్ఖానాల దుమ్ము ఫ్యానులో పేరుకుంటే, వేసవిలో వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దానికి వైరస్ మందు పనిచేయదు, దులిపిస్తే చాలు.

ఏ పనీ చేయకున్నా హార్డ్‌డిస్కు ఆగకుండా తిరుగుతుంటే, పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్లన్నీ బాణం గుర్తున్న షార్ట్‌కట్లుగా మారితే మాత్రం అనుమానించవలసిందే. వెంటనే ఇంటర్నెట్ తీసివేయండి. పాస్‌వర్డులను వేరొక పరికరం నుండి మార్చుకోండి. విండోస్ సెక్యూరిటీలోని 'డిఫెండర్ ఆఫ్‌లైన్' పరీక్ష సుమారు 15 నిమిషాల్లో ముగుస్తుంది. కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైతం 2017 నుండి ఉచిత సాధనాలను అందిస్తోంది.

ఆ ఏడాది మే నెలలో వాన్నాక్రై మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లనూ వదలలేదు. దానిని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది! క్రాక్ చేసిన విండోస్‌లో తరచు ఆ అప్‌డేట్లనే ఆపివేస్తారు. పరుల శ్రమను వెల చెల్లించక వాడుకోవడం ధర్మమా అన్న ప్రశ్న ఎలాగూ ఉంది.

చివరకు దుకాణానికి పంపక తప్పకపోతే, ఇంటి స్త్రీల ఫోటోలను, పత్రాలను వేరే డిస్కులోకి తీసుకొని, యంత్రంలోనివి చెరిపివేసి పంపండి. ప్రోగ్రాములను మాత్రం కాపీ చేయకండి. వ్యాధి వాటి వెంటే వస్తుంది.