శాలువా సరే, క్రెడిట్ మాటేమిటి?

విశ్వవిద్యాలయం బయట నేర్చుకున్నదాన్ని కూడా చదువుగా లెక్కించి డిగ్రీలో జమ చేయాలన్న ఆలోచన మన ఉన్నత విద్యారంగంలోకి అధికారికంగానే ప్రవేశించింది. 2020 జాతీయ విద్యావిధానం దానికి బాట వేసింది. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు, 2023లో జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ వచ్చాయి. పూర్వ అభ్యసన గుర్తింపు, అంటే ఆర్‌పీఎల్, అమలుకు యూజీసీ ముసాయిదా మార్గదర్శకాలు కూడా తయారుచేసింది. ఇదంతా పాలనాపరమైన సాంకేతిక వ్యవహారంగానే చర్చకు వస్తున్నది. సమావేశాల్లో పోర్టల్ గురించి, సాఫ్ట్‌వేర్ గురించి గంటల తరబడి మాట్లాడుకుంటున్నాం. నా దృష్టిలో ఇది ముందుగా కులం ప్రశ్న. ఎవరి అనుభవం జ్ఞానం, ఎవరి అనుభవం వట్టి చాకిరీ అన్న నిర్ణయం ఈ దేశంలో ఏనాడూ కులాన్ని పక్కనపెట్టి జరగలేదు.

చింతకింది మల్లేశం సంగతి తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఆలేరు ప్రాంతంలోని చేనేత కుటుంబంలో పుట్టి, ఆరో తరగతితో బడి మానిన మనిషి. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయాలంటే తల్లి చెయ్యి రోజుకు వేలసార్లు అటూ ఇటూ కదలాలి. ఆ భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి శ్రమించి ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 1999 నాటికి అది పనిచేసింది. 2017లో పద్మశ్రీ వరించింది. సమస్యను గుర్తించడం, నమూనా కట్టడం, అది విఫలమైన చోట కారణం వెతికి మళ్లీ కట్టడం, వాడేవారి చేతికి అనువుగా మార్చడం: మేం ఎంటెక్ ప్రాజెక్టులకు మార్కులు వేసేది సరిగ్గా వీటికే. యంత్రం మాట అటుంచినా, తెల్లని నూలును ముడివేసి రంగులద్దే నేతకారులు ఇంకా నేయని బొమ్మను ముందే పోగుల లెక్కలో చూడగలగాలి. అందులో జ్యామితి ఉంది, నిష్పత్తి ఉంది, రసాయనశాస్త్రం ఉంది. దేశం పద్మశ్రీ ఇవ్వగలిగింది కానీ, అటువంటి మనిషి వచ్చి అడిగితే ఒక్క సెమిస్టర్ మినహాయింపు ఇచ్చే సంప్రదాయం మన విశ్వవిద్యాలయాలకు లేదు.

కొన్నేళ్ల కిందట నేను సభ్యుడిగా ఉన్న ఒక ప్రవేశాల కమిటీ ముందుకు ఒక దరఖాస్తు వచ్చింది. ఇరవై ఏళ్లుగా డప్పు వాయిస్తూ, చాలామంది పిల్లలకు నేర్పిన కళాకారుడు జానపద కళల కోర్సులో సీటు అడిగాడు. ఇంటర్ మధ్యలోనే ఆగిపోయింది. ఆయన అనుభవాన్ని పరిగణించాలని నేను వాదించాను, కానీ దరఖాస్తు ఫారంలో అందుకు గడి లేదు. ఆ మరుసటి ఏడాది అదే విభాగం జాతీయ సదస్సు ప్రారంభానికి ఆయన బృందాన్ని పిలిచింది. డప్పు మోగింది, శాలువా కప్పారు, ఫొటోలు దిగారు. మధ్యాహ్నం డప్పు దరువుల మీద పత్రాలు చదివిన అధ్యాపకులకు ధ్రువపత్రాలు అందాయి. అవి పదోన్నతి దరఖాస్తుల్లో పనికొస్తాయి. దరువు తెలిసినవాడికి దక్కింది శాలువా మాత్రమే.

అలాగని విశ్వవిద్యాలయాలకు అనుభవాన్ని గౌరవించడం చేతకాదని కాదు. 2022లో యూజీసీ తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పథకమే చూడండి. పదిహేనేళ్ల వృత్తి అనుభవం, అదీ ఉన్నత స్థాయిలో ఉన్నవారికి ప్రాధాన్యంగా, ఉంటే పీహెచ్‌డీ లేకున్నా ప్రొఫెసర్‌గా పాఠం చెప్పవచ్చు. మంజూరైన పోస్టుల సంఖ్యలో పది శాతం వరకూ ఇలా తీసుకోవచ్చు. ఈ నియామకాలు మాత్రం ఆ పోస్టుల లెక్కలోకి రావు, కనుక రోస్టర్ చర్చే తలెత్తదు. అర్హమైన రంగాల జాబితాలో గ్రామీణాభివృద్ధి కూడా ఉంది, కాదనను. కానీ ‘ఉన్నత స్థాయి’ అన్న మాట ముందు కుమ్మరి సారె, చెప్పులు కుట్టే ఆరె నిలబడగలవా? కార్పొరేట్ అధికారి అనుభవం ప్రొఫెసర్ కుర్చీ దాకా వెళ్తుంది. చర్మకారుడి అనుభవం తొలి ఏడాది తరగతి గది తలుపు దగ్గరే ఆగిపోతుంది.

క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ లెక్క కూడా ఒకసారి జాగ్రత్తగా చూడాలి. 30 గంటల అభ్యసనకు ఒక క్రెడిట్, ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లు. పని అనుభవానికి అదనపు విలువ ఉంది. ఏడేళ్లు దాటిన అనుభవానికి గరిష్ఠంగా రెట్టింపు. దేనికి రెట్టింపు? అప్పటికే సంపాదించిన కోర్సు క్రెడిట్లకు. చేతిలో ఏ కోర్సూ లేనివారికి సున్నాను రెండుతో హెచ్చవేసినా సున్నాయే. ఆ మూల సంఖ్యను అందించాల్సింది ఆర్‌పీఎల్. అందువల్ల ఆర్‌పీఎల్ ఎలా జరుగుతుంది, ఎవరు మదింపు చేస్తారు అన్నదాని మీదే మొత్తం పథకం నిలబడి ఉంది. ఇప్పటివరకూ నైపుణ్య పథకాల్లో ఆర్‌పీఎల్ పేరిట జరిగింది ఎక్కువగా కొద్ది గంటల శిక్షణ, ఒక పరీక్ష, చేతికో ధ్రువపత్రం. ముప్పై ఏళ్లుగా తాపీ పని చేస్తున్న మేస్త్రీకి తాపీ మేస్త్రీ అని కాగితం ఇస్తే ఆయనకు కొత్తగా తెరుచుకున్న తలుపేమిటి?

నా భయం ఇక్కడే. 1953లో, ఆంధ్ర రాష్ట్రం విడిపోవడానికి కొద్ది నెలల ముందు, మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పల్లె బడుల సమయాన్ని కుదించి, మిగిలిన పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. దాన్ని పెరియార్, ద్రావిడ ఉద్యమం కులవిద్యా పథకంగా ఎండగట్టాయి. 1954లో రాజాజీ తప్పుకున్నారు, కామరాజ్ ప్రభుత్వం ఆ పథకాన్ని ఉపసంహరించింది. 2023లో 18 సంప్రదాయ వృత్తులతో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం మీద తమిళనాడు అభ్యంతరం చెప్పి, అమలుకు నిరాకరించడం వెనుక ఈ జ్ఞాపకమే ఉంది. పూర్వ అభ్యసన గుర్తింపు నేతకారుడికి నేత డిప్లొమా, గీత కార్మికుడికి గీత సర్టిఫికెట్ ఇచ్చి ఊరుకుంటే అది గుర్తింపు కాదు, కులవృత్తికి విశ్వవిద్యాలయ ముద్ర. నేత తెలిసినవాడు ఆ క్రెడిట్లతో గణితం చదవాలి, అర్థశాస్త్రం చదవాలి, న్యాయశాస్త్రం చదవాలి. వలస కూలీగా నాలుగు భాషలు నేర్చిన స్త్రీ భాషాశాస్త్రంలో చేరగలగాలి.

ఇది అసాధ్యమేమీ కాదు. వర్ణవివక్ష కూలిన దక్షిణాఫ్రికాలో, పని వచ్చినా అర్హత పత్రం దక్కని నల్లజాతి కార్మికుల కోసం కార్మిక సంఘాలు ఈ డిమాండ్‌ను ముందుకు తెచ్చాయి. 1995 నాటి జాతీయ అర్హతల చట్టం గత అన్యాయాల పరిహారాన్ని తన లక్ష్యాల్లో చేర్చుకుంది. వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయం మెట్రిక్ అర్హత లేని పెద్దవయసు వారిని అనుభవం ఆధారంగా చేర్చుకుంది. అక్కడా అనుకున్నంత విస్తరించలేదన్నది నిజమే. కానీ ఎవరి కోసం అన్న స్పష్టత చట్టంలోనే ఉంది. మన పత్రాల్లో ‘అభ్యాసకుడు’ ఉన్నాడు, అతనికి కులం లేదు.

మనకూ సొంత అనుభవం ఉంది. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, తర్వాత అంబేడ్కర్ పేరు పొందిన సంస్థ, ఇంటర్ లేనివారికి అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చోటిచ్చింది. అదే సార్వత్రిక మార్గంలో తొలి డిగ్రీ లేకుండా పొందిన పీజీ చెల్లదని 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉదారంగా తెరిచిన తలుపుకు చట్టబలం లేకపోతే నష్టపోయేది లోపలికి నడిచినవారే. కాబట్టి ఆర్‌పీఎల్ ద్వారా వచ్చిన డిగ్రీ ఉద్యోగాలకు, పై చదువులకు మిగతా డిగ్రీలతో సమానమని సర్వీసు నిబంధనల్లోనే రాయాలి.

తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఢిల్లీ తుది మాట కోసం ఎదురుచూడనక్కర్లేదు. మదింపు తెలుగులో, ఉర్దూలో, గోండీలో మౌఖికంగా, పని చూపించే పద్ధతిలో జరగాలి. మదింపు బృందంలో ఆ పని చేసేవారు సగం ఉండాలి, వారికీ ప్రొఫెసర్‌కిచ్చే భత్యమే ఇవ్వాలి. ఆర్‌పీఎల్ సీట్లకు రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తాయని జీవోలో స్పష్టం చేయాలి. సాధించిన క్రెడిట్లు ఏ విభాగంలోనైనా చెల్లాలి. కొత్త విద్యాసంవత్సరం ప్రవేశ ప్రకటనలు వెలువడేలోపు కనీసం ఆ దరఖాస్తు ఫారంలో ఒక గడి చేర్చడానికి ఏ అడ్డంకీ లేదు.