ముందొచ్చినా పెనాల్టీయే

మన వైపు ‘ర్యాలీ’ అంటే రెండే అర్థాలు. ఒకటి, కోనసీమలో జగన్మోహినీ కేశవస్వామి గుడి ఉన్న ర్యాలి ఊరు. రెండోది, ఎలక్షన్ల ముందు జెండాలు కట్టి, సైలెన్సర్లు పీకేసి, బండికి ముగ్గురేసి ఎక్కి వెళ్ళే బైక్ ర్యాలీ. మా పాయకరావుపేట హైవేని ఆనుకునే ఉంది కాబట్టి ఈ రెండో రకం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను.

మూడో అర్థం మా చిన్నతాత చెప్పాడు. అమ్మమ్మకి తమ్ముడు. 1970ల మొదట్లో మద్రాసులో చదువుకున్నాడు. స్నేహితుడి ఇంట్లో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉండేదట. ఆదివారాలు ఆ కారులో ర్యాలీలకి వెళ్ళేవారు. స్నేహితుడు డ్రైవర్, చిన్నతాత నావిగేటర్. “క్లాసిక్ కార్ ర్యాలీయా తాతా?” అని అడిగాను. “క్లాసిక్ ఏంట్రా? అప్పటికది మామూలు కారే. మీరందరూ పుట్టాక క్లాసిక్ అయింది” అన్నాడు.

నిజమే. అప్పుడు మన దేశంలో రోడ్డు మీద కనిపించే కార్లు మూడు రకాలు. ఉత్తరపారాలో తయారైన అంబాసడర్, బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ (తర్వాత అదే ప్రీమియర్ పద్మిని), మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. హెరాల్డ్ బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగం మొత్తం పైకి లేచేది. ఇంజను రిపేరు చేసే మెకానిక్ ముందు టైరు మీదే కూర్చుని పని చేసుకోవచ్చు. ఇలాంటి బళ్ళతో, జీతం మీద బతికేవాళ్ళూ, చదువుకునే కుర్రాళ్ళూ ఆడిన ఆట అది. దాని గురించి మన మేగజైన్‌లో ఎందుకంటారా? ఆ ఆట రూల్ ఒకటి ఇప్పుడు మనకి చాలా అవసరమని నా అభిప్రాయం. అందుకు.

ముందు ఒక తేడా చెప్పాలి. ర్యాలీల్లో రెండు రకాలు. ఒకటి స్పీడ్ ర్యాలీ. రోడ్డు మూసేసి, ఒక్కొక్క కారునీ వదిలి, ఎవరు తక్కువ టైమ్‌లో దాటారో చూస్తారు. దక్షిణాదిలో ఈ ఆటకి పెద్ద చరిత్రే ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో మొదలైంది. షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద రేసులు జరిగేవి. కోయంబత్తూరు వాడైన జి.ఆర్. కార్తికేయన్ సౌత్ ఇండియా ర్యాలీని 7 సార్లు గెలిచారు. ఆయన కొడుకు నారాయణ్ 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. ఇదంతా మనకి ఎక్కడో అక్కడ తగిలిన కథే.

రెండో రకాన్ని టీఎస్‌డీ అంటారు. టైమ్, స్పీడ్, డిస్టెన్స్. చిన్నతాత ఆడింది ఇదే. రోడ్డు మూయరు. ఎద్దుబండ్లు, బస్సులు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, పడ్డ రైల్వే గేటు, అన్నీ ఉంటాయి. బయల్దేరే ముందు చేతికొక రోడ్‌బుక్ ఇస్తారు. అందులో ఊళ్ళ పేర్లు ఉండవు. ప్రతి మలుపుకీ ఒక చిన్న బొమ్మ ఉంటుంది. కింద చుక్క ఉన్న చోట మనం, బాణం ఉన్న వైపు మన దారి. పక్కన ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఆ మలుపు వస్తుందో రాసి ఉంటుంది. హాలెండ్‌లో జరిగే ట్యులిప్ ర్యాలీ నుంచి వచ్చాయి కాబట్టి వీటిని ట్యులిప్ బొమ్మలంటారు. వీటితో పాటు ‘ఇక్కడి నుంచి గంటకి 30 కిలోమీటర్ల సగటు’ అని ఒక మాట ఉంటుంది. అంతే.

దారిలో ఎక్కడో చెట్టు కిందో, కల్వర్టు పక్కనో గడియారం పట్టుకుని ఒకాయన కూర్చుని ఉంటాడు. ఎక్కడున్నాడో ముందు ఎవరికీ చెప్పరు. ఆయన దగ్గరికి మనం రావలసిన టైమ్ ఒకటి, వచ్చిన టైమ్ ఒకటి. నిమిషం లేటైతే ఒక పాయింట్ పెనాల్టీ. మరి నిమిషం ముందొస్తే? చాలా చోట్ల రెండు పాయింట్లు! లేటుగా వచ్చినవాడి కన్నా తొందరగా వచ్చినవాడికే ఎక్కువ శిక్ష. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆట మొత్తం ఈ ఒక్క రూల్ మీద నిలబడి ఉందని అర్థమైంది.

ఇప్పుడు మన సబ్జెక్ట్‌లోకి వద్దాం. 12.4 కిలోమీటర్లు, సగటు 30. అంటే 24 నిమిషాల 48 సెకన్లు. ఇది నోటి లెక్క. కానీ మీ కారు మీటర్ నిజం చెబుతోందా? టైరు అరిగితే చుట్టుకొలత తగ్గుతుంది, అదే దూరానికి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటర్ ఎక్కువ చూపిస్తుంది. అందుకే ర్యాలీ మొదట్లో కొంత దూరం కొలిచి ఇస్తారు. అసలు 10 కిలోమీటర్లకి మీ మీటర్ 10.2 చూపిస్తే, మీ కారు అబద్ధం 2 శాతం. అప్పుడు 12.4 దగ్గర ఉన్న మలుపు మీ మీటర్‌లో 12.65 దగ్గర వస్తుంది. ఇది సరిచేసుకోకుండా 100 కిలోమీటర్లు వెళ్తే 2 కిలోమీటర్ల తేడా. 30 సగటు మీద అది 4 నిమిషాలు. మన ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబ్‌లో ‘ఎర్రర్ కరెక్షన్’ అని రికార్డులో కాపీ కొట్టి రాసేది ఇదే కదా! అక్కడ సంతకం కోసం రాస్తాం. ఇక్కడ తప్పు రాస్తే వేరే ఊరికి పోతాం.

డబ్బున్న దేశాల్లో దీనికి మంచి మంచి పరికరాలు ఉండేవి. స్వీడన్ కంపెనీ హాల్డా వాళ్ళ దూరం కొలిచే మీటర్లు స్పీడోమీటర్ కేబుల్‌కి తగిలించుకునేవారు. లెక్కలకి కుర్టా అనే చిన్న యంత్రం ఉండేది. గుప్పెట్లో పట్టే డబ్బా, పైన పిడి. పిడి తిప్పితే కూడికలు, గుణకారాలు అయిపోతాయి. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, అంతా పళ్ళచక్రాలే. దాన్ని రూపొందించిన కుర్ట్ హెర్జ్‌స్టార్క్ ఆస్ట్రియా ఇంజనీరు. నాజీలు ఆయన్ని బుహెన్‌వాల్డ్ క్యాంపులో ఖైదు చేసినప్పుడు అక్కడే ఈ యంత్రం డ్రాయింగులు గీశాడు. ప్రాణాలతో బయటపడి, యుద్ధం తర్వాత లీహ్టెన్‌స్టైన్‌లో తయారు చేయించాడు. ఎలక్ట్రానిక్ క్యాలిక్యులేటర్ వచ్చాక కూడా ర్యాలీ నావిగేటర్లు దీన్ని వదల్లేదు. కారు గతుకుల్లో ఎగురుతుంటే బటన్ నొక్కడం కన్నా పిడి తిప్పడం తేలిక మరి.

చిన్నతాత దగ్గర ఇవేమీ లేవు. చేతి గడియారం, పెన్సిలు, అట్ట, టార్చిలైటు. ముందు రోజు రాత్రే ప్రతి సగటుకీ ఎంత దూరానికి ఎంత టైమో టేబుల్ రాసుకునేవాడట. “డ్రైవర్‌కి రోడ్డు ఒక్కటే కనబడాలి, గడియారం కనబడకూడదు. గడియారం చూశాడంటే కాలు బరువెక్కిపోద్ది” అనేవాడు. తొందర అనే జబ్బుని ఒకడి నుంచి తీసి, కాగితం మీద లెక్కగా ఇంకొకడి చేతిలో పెట్టారన్నమాట. ఇంత మంచి సేఫ్టీ డిజైన్ నేను ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ చూడలేదు.

ఇలాంటి ఆటలు ఎలాంటి మనుషుల్ని తయారు చేస్తాయో చెప్పడానికి ఒక పెద్ద కథ ఉంది. 1968 నవంబర్ 24న లండన్ నుంచి సిడ్నీకి ఒక మారథాన్ ర్యాలీ బయల్దేరింది. 98 కార్లు. ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్, ఢిల్లీ మీదుగా బొంబాయికి 72 చేరాయి. అక్కడి నుంచి ఓడ మీద ఆస్ట్రేలియా. ప్రొఫెషనల్ డ్రైవర్ల పక్కనే సొంత డబ్బుతో వచ్చిన మామూలు మనుషులూ ఉన్నారు. చివరి రోజు సిడ్నీ ఇంకా కాస్త దూరంలో ఉండగా, అందరికన్నా ముందున్న లూసియన్ బియాంకీ వాళ్ళ సిట్రోయెన్ కారు ఎదురుగా వచ్చిన మినీ కారుని గుద్దుకుంది. ర్యాలీలో ఉన్న ప్యాడీ హాప్‌కర్క్ జట్టు అక్కడికి వచ్చింది. గెలిచే అవకాశం ఉన్నా, వాళ్ళు ఆగి సాయం చేశారు. ఆండ్రూ కోవన్ నడిపిన హిల్‌మన్ హంటర్ గెలిచింది. హాప్‌కర్క్ రెండో స్థానం. ఆయన నడిపింది బీఎంసీ కంపెనీ 1800. మన అంబాసడర్‌లో ఏళ్ళ తరబడి వాడిన 1489 సీసీ ఇంజనూ, ఆ 1800 ఇంజనూ ఒకే బీ-సిరీస్ కుటుంబం. అంటే మన టాక్సీలకి దూరపు చుట్టమే ఆ కారు.

ఇక మన సంగతి. పోయినేడాది మా హాస్టల్లో ఒక మంచం ఖాళీ అయింది. పేరు రాయను, అందరికీ తెలుసు. హాస్టల్ నుంచి స్టేషన్‌కి 20 కిలోమీటర్లు. ఎవరు ఎన్ని నిమిషాల్లో వెళ్ళారో వాట్సాప్ గ్రూపులో రికార్డు పెట్టుకునేవాళ్ళం కదా, ఆ గ్రూపు ఇప్పుడు లేదు. కానీ ఆట ఆగిందా? కొత్త బ్యాచ్ కొత్త గ్రూపు పెట్టుకుంది.

లెక్క వేద్దాం. 20 కిలోమీటర్లు 60 మీద వెళ్తే 20 నిమిషాలు. 90 మీద వెళ్తే 13 నిమిషాల 20 సెకన్లు. మిగిలింది 6 నిమిషాల 40 సెకన్లు. స్టేషన్ ముందు ఒక టీ తాగే టైమ్. దానికి మనం కట్టేది? స్పీడ్ ఒకటిన్నర రెట్లయితే కైనెటిక్ ఎనర్జీ రెండుంబావు రెట్లు. ఇది ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్. మనందరికీ మార్కులు కూడా వచ్చాయి.

‘నెమ్మదిగా వెళ్ళండి’ అనే పోస్టర్లతో ఈ పని జరగదని నా అభిప్రాయం. మన వయసులో ఎవడికైనా గడియారంతో పోటీ కావాలి, పక్కవాడి కన్నా బాగా చేశానని చూపించుకోవాలి. ఆ కోరికలో తప్పేం లేదు. చిన్నతాతకీ అదే కోరిక ఉంది. కాకపోతే ఆయన ఆడిన ఆటలో తొందరగా వచ్చినవాడు ఓడిపోతాడు. అదే గడియారం, అదే రోడ్డు, అదే వయసు. రూల్ ఒక్కటే తేడా. ఇంకో లెక్క చూడండి. 10 కిలోమీటర్లు మిగిలి ఉండగా మీరు 3 నిమిషాలు వెనకబడ్డారు, సగటు 30. కంగారు పడి 60కి పెంచక్కర్లేదు. 35 దాటి ఒక చిన్న పిసరు చాలు, సరిగ్గా టైమ్‌కి వచ్చేస్తారు. పోయిన టైమ్‌ని తిరిగి తెచ్చుకోవడానికి ప్రాణం పెట్టక్కర్లేదని ఈ లెక్క చెబుతోంది. చేతులారా ఒకసారి వేసి చూసినవాడికి బండి మీద కూడా గుర్తొస్తుందని నా నమ్మకం.

అభ్యంతరాలు ఉన్నాయి, నాకూ తెలుసు. కార్ల ఆట డబ్బున్నవాళ్ళది అంటారు. అప్పుడు కొంతవరకూ నిజమే, ఇంట్లో కారు ఉండడమే గొప్ప. కానీ ఈ లెక్కకి కారే అక్కర్లేదు. స్కూటీ మీద వెనక సీట్లో కూర్చున్నవాడే నావిగేటర్. సైకిల్ మీద 12 సగటు పెట్టినా ఆట ఆటే. పెట్రోల్ దండగ అనేవాళ్ళకి అదే జవాబు. జనం తిరిగే రోడ్డు మీద ఆటలేంటి అనేది మాత్రం గట్టి ప్రశ్న. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా రోడ్డు మీద రేసులు పెట్టడం నేరం. టీఎస్‌డీ రేసు కాదని మనకి మనం చెప్పుకుంటే చాలదు. కాలేజీ తరఫున పోలీసులకి రూటు మ్యాప్ ఇచ్చి, వాళ్ళు సరే అన్నాకే చెయ్యాలి. సగటు ఎప్పుడూ ఆ రోడ్డు మీద బస్సు వెళ్ళే వేగం కన్నా తక్కువే ఉండాలి. ఊళ్ళలోంచి వెళ్ళేచోట ఇంకా తగ్గించాలి. హెల్మెట్ లేనివాడికి రోడ్‌బుక్కే ఇవ్వకూడదు. ఇన్ని కండిషన్లా అంటే, అవును, ఇన్నీ ఉండాలి.

మా వైపు ఒక రూటు నా మనసులో ఉంది. పాయకరావుపేటలో బయల్దేరి నక్కపల్లి, అడ్డరోడ్డు. అక్కడ హైవే వదిలేసి కోటవురట్ల మీదుగా నర్సీపట్నం. తిరిగి వచ్చేటప్పుడు నాతవరం, కోటనందూరు, తుని, తాండవ వంతెన దాటి మళ్ళీ పాయకరావుపేట. గూగుల్ మ్యాప్స్ ఆపేసి, ట్యులిప్ బొమ్మలతో. మెకానికల్ వాళ్ళు మీటర్ ఎర్రర్ చూసుకోండి, సివిల్ వాళ్ళు దూరాలు కొలవండి, కంప్యూటర్స్ వాళ్ళు స్కోరు షీటు రాయండి. రోడ్‌బుక్ తెలుగులో మేం రాస్తాం, సాహితీ క్లబ్ ఇంకెందుకుంది?

ఈసారి టెక్ ఫెస్ట్‌లో ‘ఆటో ఎక్స్‌పో’ పేరుతో బైకులు నిలబెట్టి రేజ్ చేసి పొగ పెట్టే కార్యక్రమం బదులు దీన్ని పెట్టమని కమిటీకి లెటర్ ఇవ్వబోతున్నాను. సంతకాలు కావాలి. గడియారం పట్టుకుని చెట్టు కింద కూర్చోవడానికి మనుషులు కూడా కావాలి. ఆ పనికి చిన్నతాత ఇప్పటికే ఒప్పుకున్నాడు. “ముందొచ్చినోడిని మాత్రం వదలనురోయ్” అన్నాడు.