పెరటి పూలకు పొలం మందులా?

పొలంలో పత్తికి, మిరపకు పట్టే పురుగులు వేరు, పెరట్లో పూలమొక్కలకు పట్టే పురుగులు వేరు అనే భావన మన ఇళ్ళలో ఉన్నది. కృష్ణ ఒడ్డున తాడేపల్లిలో ఉంటూ, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల సాగును గమనిస్తున్న నాకు అది సరికాదనిపిస్తుంది. మందారం పత్తి కుటుంబానికి చెందిన మొక్క. పత్తి రసం పీల్చే తెల్లదోమ, పిండినల్లి మందారాన్నీ విడువవు. 2021-22లో మిరప రైతులను నిలువునా ముంచిన నల్ల తామరపురుగు పూలలో దాగి బతికేది. అది చామంతి, డాలియాల వంటి పూలమొక్కల మీద కూడా జీవిస్తుంది.

పురుగు వచ్చిన దారినే మందు కూడా ఇంటికి వస్తున్నది. పొలానికి కొట్టగా సీసా అడుగున మిగిలిన మందు నాలుగు చుక్కలు గులాబీకి కొడితే ఏమవుతుందని అడిగేవారు చాలామంది ఉన్నారు. ఈ అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పంటకైతే మందు కొట్టిన తరువాత కోతకు ఇన్ని రోజులు ఆగాలని నియమం ఉన్నది. పెరటి పువ్వుకు ఆ గడువు ఎవరిస్తారు? సాయంత్రం మందు పడిన మందారం తెల్లవారేసరికి దేవుని పటానికో, తలనూనె కాచే గిన్నెలోకో చేరుతుంది. గులాబీ రేకులు గుల్కందులోకి పోతాయి. మోనోక్రోటోఫాస్ వంటి మందులు మొక్క రసంలో కలిసి అంతటా వ్యాపించే స్వభావం కలవి కనుక, పువ్వును కడిగినంత మాత్రాన పోవు. ఇక సీసా ఇంట్లో ఉండడమే ఒక ప్రమాదం. 2013లో బీహారులోని సారణ్ జిల్లాలో బడి భోజనంలో ఈ మందే కలిసి 23 మంది పిల్లలు ప్రాణాలు కోల్పోయిన సంగతి మరువరానిది.

పోనీ, అంత విషం వాడితే పురుగు పోతుందా? 1980వ దశకంలో మన పత్తి చేలలో ఘాటైన మందులను మళ్ళీ మళ్ళీ కొట్టిన తరువాతనే తెల్లదోమ విజృంభించింది. మందు ముందుగా పురుగును తినే పురుగును చంపుతుంది. ఎర్రని వీపు మీద నల్లచుక్కలుండే అక్షింతల పురుగు పేనుబంకను తిని బతుకుతుంది. దాని జాతిలోనే కొన్నింటి పిల్లపురుగులు ఒళ్ళంతా తెల్లని నూగుతో అచ్చం పిండినల్లిలా ఉంటాయి. చకచకా నడిచేది మిత్రుడు, కదలీ కదలనట్లుండేది శత్రువు. 2008లో కోయంబత్తూరులో బయటపడిన బొప్పాయి పిండినల్లి మందారానికీ పాకింది. దానిని అదుపు చేసినది 2010లో ప్యూర్టోరికో నుండి తెప్పించిన చిన్న పరాన్నజీవి కందిరీగయే గాని ఏ మందూ కాదు.

కనుక ముందు రోగనిర్ణయం, తరువాతనే చికిత్స. గులాబీ మొగ్గ విచ్చుకోక, రేకుల అంచులు మాడినట్లుంటే తెల్లకాగితంపై పువ్వును తట్టి చూడండి. సన్నని నూలుపోగు ముక్కల వంటివి పరుగెత్తితే అవి తామరపురుగులు. వేసవిలో ఆకులు పాలిపోయి, అడుగున సాలెగూడు వంటి పోగులు కనబడితే ఎర్రనల్లి. ఎనిమిది కాళ్ళ ఈ జీవి అసలు కీటకమే కాదు. ఆకుల అడుగుభాగం తడిసేటట్లు నాలుగు రోజులు నీటిధార కొడితే చాలావరకు తగ్గుతుంది. మల్లెమొగ్గకు రంధ్రం పడితే లోపల పురుగున్నట్లే. అటువంటి మొగ్గలను ఏరి నాశనం చేయడం మినహా మేలైన మార్గం లేదు. గన్నేరు చిగుళ్ళపై పసుపుపచ్చగా గుంపు కట్టేది పేనుబంక. ఆకులు జిగురుగా ఉండి, చీమలు బారులు తీరితే పేనుబంకో, పిండినల్లో ఉన్నదని గ్రహించాలి. ఆ తీపి జిగురు కొరకు చీమలే వాటికి కాపలా కాస్తాయి. చీమలను ఆపకుండా ఎంత పిచికారీ చేసినా వృథాయే. పొలం నుండి తెచ్చిన యూరియాను గుప్పెళ్ళతో వేసేవారి మొక్కలకు లేత చిగుళ్ళు ఎక్కువై ఈ బెడద మరీ ముదురుతుంది.

రసం పీల్చే పురుగులకు నేను నమ్మేది వేపగింజల కషాయమే. ఆయుర్వేదం వేపను క్రిమిఘ్నమన్నది. లీటరు నీటికి 50 గ్రాముల గింజల పప్పును దంచి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు నీరు కలపాలి. వేపలోని సారం ఎండకు చెడిపోతుంది గనుక సాయంత్రమే చల్లాలి. అది పురుగును అప్పటికప్పుడు చంపదు. తిండి మాన్పించి, ఎదుగుదలను ఆపుతుంది. మరునాడే ఫలితం కనబడలేదని సీసా వైపు చూడవద్దు. వారానికొకసారి చొప్పున మూడు వారాలు చల్లి చూడండి.

సహజమైనదంతా నిరపాయమనీ అనుకోరాదు. మన ప్రాంతంలో పొగాకు సులభంగా దొరుకుతుంది గనుక ఆ కషాయం చల్లేవారున్నారు. నికోటిన్ చర్మం గుండా కూడా శరీరంలోకి పోయే విషం. పసిపిల్లలు తిరిగే పెరట్లో దానికి చోటివ్వడం నాకు సమ్మతం కాదు. సురపాలుని వృక్షాయుర్వేదాన్ని 1996లో సికింద్రాబాదు నుండి ఆంగ్లానువాదంతో ప్రచురించారు. అందులో వాయువిడంగాల ప్రయోగం కూడా ఉన్నది. శ్రద్ధ గలవారు ఒక కుండీలో ప్రయత్నించి చూచిన తరువాతనే మిగిలిన మొక్కలకు వాడడం మంచిది.

జూన్, జూలై నెలల్లో వేపపండ్లు రాలినప్పుడు గింజలు ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి గోనెసంచిలో కట్టి ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో అయితే బూజు పడుతుంది.