ధనుష్కోడి దారి ఎవరి కోసం?

తమిళనాడులోని రామేశ్వరం దీవి కొనకు చేర్చే ముకుందరాయర్ సత్రం-అరిచల్‌మునై రోడ్డు పొడవు తొమ్మిదిన్నర కిలోమీటర్లు మాత్రమే. ఒకవైపు పాక్ జలసంధి, మరోవైపు మన్నార్ సింధుశాఖ, నడుమ సన్నని ఇసుక తిన్నె. హోదాకు 87వ నంబరు జాతీయ రహదారిలో భాగమే అయినా స్వరూపంలో ఇది పల్లె దారి. 2017 జులై 27న ప్రారంభమైన ఈ రోడ్డు 53 ఏళ్ల వెలితిని తీర్చింది. అయితే రోడ్డు వేయడంతోనే ప్రభుత్వ బాధ్యత తీరిపోయిందా అన్నది ఆలోచించవలసిన విషయం.

ధనుష్కోడి ఒకప్పుడు మారుమూల గ్రామం కాదు. 1914లో పాంబన్ రైలు వంతెన సిద్ధమయ్యాక మద్రాసు నుంచి బోట్ మెయిల్ ఇక్కడిదాకా వచ్చేది. ప్రయాణికులు స్టీమరెక్కి తలైమన్నార్ చేరి, అక్కడి నుంచి కొలంబోకు మళ్లీ రైల్లో వెళ్లేవారు. రైల్వేస్టేషను, కస్టమ్స్ కార్యాలయం, తపాలా కార్యాలయం, చర్చి, పాఠశాల ఉన్న రేవు పట్టణమది. 1964 డిసెంబర్ 22 రాత్రి విరుచుకుపడిన తుపాను దానిని తుడిచిపెట్టింది. పాంబన్ నుంచి వచ్చిన ప్యాసింజర్ రైలు ధనుష్కోడి చేరువలో అలలకు కొట్టుకుపోయి వందమందికి పైగా మరణించారు. 1977 నాటి దివిసీమ ఉప్పెనను చవిచూసిన తెలుగువారికి ఆ విషాదం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ తర్వాత ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని నివాసయోగ్యం కాదని ప్రకటించింది. పాంబన్ వంతెనను 46 రోజుల్లో పునరుద్ధరించినా, ధనుష్కోడికి రైలు మాత్రం తిరిగి రాలేదు. అయినా కొన్ని మత్స్యకార కుటుంబాలు ఆ నేలను వదలలేదు. ఇసుకలో చెలమలు తవ్వి మంచినీరు తోడుకుంటూ, గుడిసెల్లో కాలం గడుపుతూ వచ్చాయి. కాశీయాత్రలో భాగంగా సేతు స్నానానికి వచ్చే యాత్రికులు ఇసుకలో, నీళ్లలో నడిచే జీపులూ, వ్యాన్లనే నమ్ముకోవలసి వచ్చేది.

రోడ్డు పడ్డాక ఆ అవస్థ తప్పింది. యాత్రికులతోపాటు పర్యాటకుల వాహనాలూ బారులు తీరాయి. దానివల్ల చిరువ్యాపారాలకు ఊతం లభించిన మాట వాస్తవమే. కాని పోటు హెచ్చినప్పుడు అలలు రోడ్డును తాకడం, గాలికి ఇసుక మేటలు వేయడం ఇక్కడ మామూలు. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమిది. మన పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలు ఇక్కడికీ వస్తాయి. 2025 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని ఫ్లెమింగోల సంరక్షణ కేంద్రంగా ప్రకటించడం హర్షణీయం.

ప్రకటనకు తగిన ఆచరణ కూడా ఉండాలి. తీరం తట్టుకోగలిగినన్ని వాహనాలనే అనుమతించాలి. చెత్తను వెనక్కు తరలించే ఏర్పాటు తప్పనిసరి కావాలి. తుపాను హెచ్చరిక వెలువడిన వెంటనే పర్యాటకులను, మత్స్యకారులను ఖాళీ చేయించడానికి ఉన్నది ఈ ఒక్క దారే కనుక దానిని ఎల్లవేళలా నిరాటంకంగా ఉంచాలి. అన్నింటికన్నా ముందు తరతరాలుగా అక్కడ బతుకుతున్నవారి మంచినీరు, వైద్యం, సురక్షిత నివాసం గురించి స్పష్టమైన నిర్ణయం వెలువడాలి. నివాసయోగ్యం కాదన్న చోటికి పర్యాటకులను ఆహ్వానిస్తూ, అదే కారణం చూపి మత్స్యకారులకు కనీస వసతులు నిరాకరించడం న్యాయమనిపించుకోదు.

రామేశ్వరం-ధనుష్కోడి రైలు మార్గానికి 2019లో శంకుస్థాపన జరిగింది. అంతకంటే పెద్ద ప్రణాళికలు రేపు రావచ్చు. 1964 నేర్పిన పాఠాన్ని విస్మరించి కట్టేది ఏదైనా ఇసుక మీద కట్టడమే అవుతుంది.