ఒక్కడా? ఇద్దరా?

మన సినిమాల్లో హీరో ద్విపాత్రాభినయం చేస్తే, ఎవరు ఎవరో క్లైమాక్స్‌లో పుట్టుమచ్చ తేల్చేస్తుంది. వీడియో గేముల్లో ఓ సైనికుడి విషయంలో ఆ సస్పెన్స్ నాలుగేళ్లు నడిచింది! అతనే 'డూమ్' హీరో.

1993లో ఐడీ సాఫ్ట్‌వేర్ వారి 'డూమ్' వచ్చింది. అంగారకుడి ఉపగ్రహాల మీద భూతాలతో ఒంటరి పోరాటం. హీరోకి పేరు లేదు, మాటా లేదు. తెర అడుగున మొహం మాత్రం కనిపిస్తుంది. దెబ్బ తగిలితే నెత్తురోడుతుంది. ఆడేవాడే హీరో కనుక పేరు పెట్టలేదన్నాడు రూపకర్తల్లో ఒకడైన జాన్ రొమెరో.

2016 నాటి కొత్త 'డూమ్'లో ఓ సైనికుడు రాతి శవపేటికలోంచి లేచాడు. ఇతనూ మౌనమే! అభిమానులు రెండు జట్లయ్యారు. "1997లో వచ్చిన 'డూమ్ 64' చివర నరకంలోనే ఉండిపోయాడుగా, అతనే ఇతను" అని ఒక జట్టు. "కథే వేరైతే మనిషి ఒకడెలా అవుతాడు?" అని రెండోది. నేను మొదటి జట్టు. 2020లో 'డూమ్ ఎటర్నల్' తీర్పు చెప్పేసింది - ఒక్కడే!

గెలిచాం, సరే. కానీ ఇప్పుడతనికి బిరుదులు, రాజుల కొలువు, దివ్యయంత్రం ఇచ్చిన బలం... పాత ఆట ఆడుతుంటే నెత్తురోడే ఆ మొహం నాదే అనిపించేది. ఈ మహావీరుడికి మాత్రం నేను అభిమానిని, అంతే!

పేరు లేని హీరో కావాలా, చరిత్ర ఉన్న హీరోనా? నా ఓటు పేరు లేనివాడికే. మరి మీదో?