పట్టా లేని కూలీ సంగతేంది?

నారాయణఖేడ్ పొరుగున న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోని 17 గ్రామాల్లో 12,635 ఎకరాలు నిమ్జ్‌కు, అంటే జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలానికి కావాలన్నారు. కంది, జొన్న, శనగ, చెరకు పండే నేల. భూములియ్యండి, కొలువులిస్తామన్నారు. ఈ మాట ఉమ్మడి మెదక్ జిల్లాకు కొత్తదా? పటాన్‌చెరులో ఫ్యాక్టరీలొచ్చాక పల్లెలకు దక్కింది నక్కవాగు విషం. ఆ వాగు కలిసేది మన మంజీరలోనే.

2015లో సర్కారు జీవో 123 తెచ్చింది. 2013 భూసేకరణ చట్టాన్ని పక్కనబెట్టి, పట్టాదారుతో బేరమాడి రిజిస్ట్రేషన్ చేయించుకోవడమే దాని కథ. మరి ఆ చేన్లో కలుపు తీసే కూలీ? ఆమె పేర పట్టా లేదు, కాబట్టి ఆమెతో బేరమే లేదు! చట్టం మాత్రం భూమి లేని కూలీనీ నిర్వాసితుల్లో లెక్కగట్టింది. జీవో ఆ లెక్కనే చెరిపేసింది. నిమ్జ్ ప్రాంత వ్యవసాయ కూలీలే హైకోర్టుకెక్కారు. 2016 ఆగస్టు 3న కోర్టు జీవోను కొట్టేసింది. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రపు సర్కారేమో కూలీల మీద అప్పీలుకు పోయింది. సమైక్య పాలకులు భూములు గుంజుకుంటే దోపిడీ అన్నాం. మనోళ్లు గుంజుకుంటే అభివృద్ధి అందామా?

పరిశ్రమలకు మేం అడ్డం కాదు. భూమి తీసుకోబోయే ప్రతి ఊళ్లో ముందు గ్రామసభ పెట్టాలి, కూలీల జాబితా పంచాయతీ గోడకు అంటించాలి. విద్యార్థులు, ఉద్యోగులు సెలవు దినాల్లో పోయి ఆ పేర్లు రాయించాలి. సర్వే రాళ్లు ఆ తర్వాతే.